నేల విడిచి సాము చేసే ట్రక్కు

నేల విడిచి సాము చేయరాదని మన పెద్దలు చెబుతారు. కాని నేల విడిచి సాము చేయటమే పనిగా పెట్టుకున్న బండి ఒకటుంది. దాని పొడవు అరమీటరు కూడా ఉండదు. బరువు సుమారు 1.6 కిలోలు. బాటరీతో తిరిగే మోటారు దానిని నడుపుతుంది. డ్రైవరు అందులో కూర్చోడు. ట్రాకు పక్కన ఎత్తైన అరుగు మీద నిలబడి, చేతిలోని ట్రాన్స్‌మిటరు నుంచి రేడియో తరంగాలు పంపుతూ దానిని నడిపిస్తాడు. ట్రక్కు మట్టిదిబ్బ ఎక్కి, మనిషి నడుమెత్తున గాలిలోకి లేచి, నాలుగైదు మీటర్ల అవతల నేలకు దిగి, వెంటనే మలుపు తిరుగుతుంది. దానిపక్కనే మరో తొమ్మిది ట్రక్కులు అదే పని చేస్తుంటాయి.

ఇటువంటి పందెం సాధారణంగా 5 నిమిషాలు సాగుతుంది. చుట్టుకు 20 సెకన్లు పట్టే ట్రాకు అయితే 15 చుట్లు. ప్రతి చుట్టులోనూ 0.3 సెకను మిగుల్చుకోగలిగిన ట్రక్కు చివరికి 4.5 సెకన్ల ముందుంటుంది. అంటే పాతిక ముప్పై మీటర్ల ముందన్నమాట. ఆ 0.3 సెకను ఎక్కడ దొరుకుతుంది? మోటారు బలం పెంచితే దొరుకుతుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అనుభవజ్ఞులు మాత్రం మోటారు జోలికి పోరు. స్ప్రింగులు, వాటిలోపలి నూనె, చక్రాల రబ్బరు - ఈ మూడింటినే పట్టుకు కూర్చుంటారు. ఎంత బలమైన మోటారైనా చక్రం నేలను పట్టుకున్నప్పుడే గదా బండిని తోయగలిగేది!

పైగా ఇక్కడొక చిక్కుంది. పెద్ద కారు నడిపే మనిషికి బండి అదిరినా, వెనుక చక్రం జారినా తన వీపుకు తెలుస్తుంది. అరుగు మీద నిలబడ్డవాడికి తెలియదు. కళ్ళతో చూసి, బండి ఎందుకు అలా ప్రవర్తించిందో ఊహించుకోవాలి. ఆ ఊహకు భౌతికశాస్త్రం తప్ప వేరే ఆధారం లేదు.

ఎలా పుట్టింది?

అమెరికాలో మికీ థాంప్సన్ అనే పందెగాడు ఎడారిలో జరిగే ట్రక్కు పందేలను 1979లో లాస్ ఏంజిలిస్ నగరంలోని కొలీజియం స్టేడియంలోకి తెచ్చాడు. లారీలకొద్దీ మట్టి పోయించి, దిబ్బలు కట్టించి, జనం కుర్చీల్లో కూర్చుని చూసే ఏర్పాటు చేశాడు. అదే 1979లో జపానుకు చెందిన టామియా సంస్థ మట్టినేల మీద నడిచే రేడియో కారు నమూనాలను అమ్మకానికి పెట్టింది. అంతకుముందు, 1976లో, అది తెచ్చిన తొలి రేడియో కారు చదునైన రోడ్డు మీద నడిచేది. 1984లో కాలిఫోర్నియాలోని టీమ్ అసోసియేటెడ్ సంస్థ నుంచి ఆర్‌సి 10 అనే కారు వచ్చింది. అల్యూమినియం చట్రం, నాలుగు చక్రాలకూ నూనె నింపిన షాక్ అబ్సార్బర్లు దాని ప్రత్యేకత. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోనే ఈ తరహా కార్లకు మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. ఆ కార్లకే పెద్ద చక్రాలు, వెడల్పు ఇరుసులు, ట్రక్కు ఆకారపు పలచని ప్లాస్టిక్ తొడుగు అమర్చగా వచ్చినవే నేటి స్టేడియం ట్రక్కులు.

పదోవంతు బండి, పదోవంతు కాదు

ఈ ట్రక్కును అసలు ట్రక్కులో పదోవంతు అంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదోవంతు అయితే ఘనపరిమాణం వెయ్యోవంతు అవుతుంది. 1800 కిలోల ట్రక్కు 1.8 కిలోలు కావాలి. మన ట్రక్కు బరువు ఇంచుమించు అంతే. ఇంతవరకు బాగుంది. కాని ఒకటి మాత్రం తగ్గలేదు. అది గురుత్వ త్వరణం. పెద్ద ట్రక్కుకైనా చిన్న ట్రక్కుకైనా భూమి సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల త్వరణమే ఇస్తుంది. దీనివల్ల ఏమవుతుందో చూడండి.

స్ప్రింగుల మీద బండిని ఉంచితే దాని బరువుకు అవి కొంత కుంగుతాయి. ఆ కుంగుడు ఎంతో తెలిస్తే చాలు, బండి ఊగే ఆవర్తన కాలం చెప్పవచ్చు. మీరు లఘులోలకానికి నేర్చుకున్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. లోలకం పొడవుకు బదులు కుంగుడు వేసుకోవాలి. పెద్ద ట్రక్కు స్ప్రింగులు 20 సెంటీమీటర్లు కుంగాయనుకుందాం. 0.2ను 9.8తో భాగిస్తే 49లో ఒకటోవంతు. దాని వర్గమూలం 7లో ఒకటోవంతు. దానిని 6.28తో గుణిస్తే సుమారు 0.9 సెకను. అంటే ఒక ఊపుకు దాదాపు ఒక సెకను. లారీ గుంటలో పడి లేచినప్పుడు మీరు చూసే నిదానపు ఊగిసలాట అదే. చిన్న ట్రక్కులో కుంగుడు 2 సెంటీమీటర్లు. లెక్క వేస్తే 0.28 సెకను వస్తుంది. సెకనుకు మూడున్నర ఊపులు!

కొలత పదోవంతు అయితే కాలం 10 వర్గమూలం వంతు, అనగా 3.16వ వంతు అయింది. అందుకే చిన్న ట్రక్కు పరుగు ఫిల్ము తీసి, సుమారు మూడు రెట్లు నిదానంగా చూపితే అచ్చం పెద్ద ట్రక్కు పరుగులాగానే కనబడుతుంది. బొమ్మ ఓడలతో, బొమ్మ వంతెనలతో ప్రమాద దృశ్యాలు తీసే సినిమావాళ్ళు వాడిన కిటుకు కూడా ఇదే. వేగానికీ అదే లెక్క: గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న ట్రక్కు, పెద్ద ట్రక్కు గంటకు 126 కిలోమీటర్లతో పోయినంత కష్టం పడుతుంది.

స్ప్రింగు ఎక్కడ తగిలించాలి?

చక్రాన్ని చట్రానికి కలుపుతూ ఒక ప్లాస్టిక్ చేయి ఉంటుంది. లోపలి కొన కీలుకు బిగించి ఉంటుంది, బయటి కొనన చక్రం. స్ప్రింగు ఈ చేతి మధ్యలో ఎక్కడో నిలబడుతుంది. ఇది మీరు చదివిన మూడో తరగతి తులాదండమే.

చేయి పొడవు 9 సెంటీమీటర్లు, స్ప్రింగు కీలుకు 6 సెంటీమీటర్ల దూరాన ఉన్నదనుకోండి. స్ప్రింగును 1 సెంటీమీటరు నొక్కటానికి 4.5 న్యూటన్ల బలం కావాలి. ఇప్పుడు చక్రాన్ని 1 సెంటీమీటరు పైకెత్తండి. స్ప్రింగు నొక్కుకునేది మూడింట రెండువంతుల సెంటీమీటరే. కనుక అది 3 న్యూటన్లతో తిరగబడుతుంది. ఆ 3 న్యూటన్లు కూడా చక్రం దగ్గరకు వచ్చేసరికి మూడింట రెండువంతులై 2 న్యూటన్లే మిగులుతాయి. దూరంలో ఒకసారి, బలంలో మరొకసారి, ఒకే నిష్పత్తి రెండుసార్లు దెబ్బతీసిందన్నమాట. నాలుగు చక్రాలూ కలిస్తే సెంటీమీటరుకు 8 న్యూటన్లు. ట్రక్కు బరువు సుమారు 16 న్యూటన్లు. కుంగుడు 2 సెంటీమీటర్లు. పైన మనం వేసుకున్న లెక్క ఇదే.

చేతిమీద రెండు మూడు రంధ్రాలు వరుసగా ఉంటాయి. స్ప్రింగును ఒక్క సెంటీమీటరు లోపలి రంధ్రానికి మార్చితే చక్రం దగ్గర 2 న్యూటన్లు కాస్తా 1.4కు పడిపోతాయి. స్ప్రింగు మారలేదు, ఒక్క పైసా ఖర్చు లేదు, బండి మెత్తబడింది!

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి చెప్పాలి. షాక్ అబ్సార్బరు మీద మరతిప్పే గాజు ఒకటి ఉంటుంది. దానిని కిందికి తిప్పితే బండి ఎత్తు పెరుగుతుంది. స్ప్రింగు గట్టిపడిందని అనుకుంటారు. గట్టిపడలేదు. స్ప్రింగు త్రాసును జానెడు ఎత్తున ఉన్న మేకుకు మార్చి తగిలించినంత మాత్రాన దాని స్ప్రింగు గట్టిపడుతుందా? గాజు చేసేదీ అంతే. బండి నిలబడే ఎత్తు మారుతుంది గాని, సెంటీమీటరుకు ఎన్ని న్యూటన్లన్నది మారదు.

నూనె చేసే పని

స్ప్రింగు ఒక్కటే ఉంటే బండి దిబ్బ దిగాక బంతిలా ఎగురుతూనే ఉంటుంది. స్ప్రింగు శక్తిని దాచి తిరిగి ఇచ్చేస్తుంది గాని, తినదు. తినే పని నూనెది. షాక్ అబ్సార్బరు అంటే ఒక చిన్న గొట్టం. అందులో సిలికోన్ నూనె. నూనెలో పైకీ కిందికీ కదిలే ఒక బిళ్ళ. బిళ్ళకు రెండు మూడు సన్నని రంధ్రాలు. బిళ్ళ కదలాలంటే నూనె ఆ రంధ్రాల గుండా అవతలికి పోవాలి. నూనె తన స్నిగ్ధత వల్ల అడ్డుపడుతుంది. చలనశక్తి కాస్తా వేడిగా మారిపోతుంది. మీ పాఠంలోని అవరుద్ధ డోలనం ఇదే.

ఎంత చిక్కని నూనె కావాలి? నీటి శుద్ధగతిక స్నిగ్ధత సుమారు 1 సెంటిస్టోక్. ఈ ట్రక్కుల నూనెలు సుమారు 200 నుంచి 600 సెంటిస్టోకుల వరకు దొరుకుతాయి. ఆముదం చిక్కదనం కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. మరి ఆముదమే పోస్తే పోలేదా అంటే, ఆముదం ఎండకు చాలా త్వరగా పలచబడుతుంది. సిలికోన్ నూనె కూడా పలచబడుతుంది గాని అంతగా కాదు. అయినా ఎండ ముదిరినప్పుడు పందెగాళ్ళు ఒక మెట్టు చిక్కని నూనె పోస్తారు, చలిలో ఒక మెట్టు పలచనిది.

నూనె మరీ పలచనైతే బండి దిగినచోట రెండుమూడుసార్లు ఎగురుతుంది. ఎగిరినంతసేపూ మలుపు తిరగదు. మరీ చిక్కనైతే ఇంకో తంటా. గతుకుల మీద బండి సెకనుకు 8 మీటర్ల వేగంతో పోతోంది, గతుకుల మధ్య దూరం 30 సెంటీమీటర్లు అనుకోండి. చక్రం సెకనుకు 27 సార్లు లేచి దిగాలి. చిక్కని నూనె దానిని దిగనివ్వదు. చక్రం గుంటలోకి దిగేలోపలే గుంట వెనక్కి పోతుంది. చక్రం గతుకుల శిఖరాలను మాత్రమే తాకుతూ పోతుంది. నేలను తాకని చక్రం బండిని తోయలేదు, ఆపలేదు, తిప్పలేదు.

ఇక దిబ్బ దూకిన బండి సంగతి. ఒక మీటరు ఎత్తు నుంచి చదునైన నేలమీద పడిన ట్రక్కు, 4 సెంటీమీటర్ల దూరంలో ఆగాలంటే సగటున దాని బరువుకు 26 రెట్ల బలం మీద పడుతుంది. 1 సెంటీమీటరులో ఆగితే 101 రెట్లు. (ఎత్తుకు ఆగే దూరాన్ని కలిపి, ఆగే దూరంతో భాగించి చూడండి. శక్తి నిత్యత్వమే, సూత్రం మీరే రాబట్టగలరు.) కనుక దూకుడుకు చిక్కదనం కావాలి, గతుకుకు పలచదనం కావాలి. ఒకే నూనె రెండు పనులూ ఎలా చేస్తుంది?

కిటుకు రంధ్రాలలో ఉంది. బిళ్ళ నెమ్మదిగా కదిలినప్పుడు నూనె అడ్డు వేగానికి అనులోమంగా పెరుగుతుంది. బిళ్ళ మరీ వేగంగా కదిలితే, రంధ్రంలోకి దూరటానికి నూనె ఒక్కసారిగా త్వరణం పొందాలి. ఆ అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. రంధ్రాలు సన్నవైతే ఈ రెండో అడ్డు త్వరగా ముందుకొస్తుంది, షాక్ అబ్సార్బరు క్షణకాలం గట్టి కర్రలా అయిపోతుంది. అందుచేత పెద్ద దూకుళ్ళున్న ట్రాకుకు సన్నరంధ్రాలతో పలచని నూనె, గతుకులే ఎక్కువైన ట్రాకుకు పెద్దరంధ్రాలతో చిక్కని నూనె వాడతారు. నెమ్మది కదలికలో రెండూ ఒకటిగానే అనిపిస్తాయి. తేడా అంతా దబ్బున పడ్డప్పుడే.

గొట్టంలో గాలిబుడగ మిగలకూడదు. గాలి నొక్కుకుంటుంది, నూనె నొక్కుకోదు. బుడగ ఉంటే బిళ్ళ కొంతదూరం ఏ అడ్డూ లేకుండా జారిపోతుంది. అలాగని గొట్టం నిండా నూనె పోసి బిగిస్తే కడ్డీ లోపలికే పోదు! 3.2 మిల్లీమీటర్ల మందం ఉన్న కడ్డీ 25 మిల్లీమీటర్లు లోపలికి వస్తే 0.2 ఘనసెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ చోటు కోసం పైన మెత్తని రబ్బరు టోపీ పెడతారు. ఆర్కిమిడీసు తొట్టిలో దిగినప్పటి సంగతే ఇది. కాకపోతే ఈ తొట్టికి మూత ఉంది.

పాఠ్యపుస్తకం మాట వినని రబ్బరు

ఘర్షణ అభిలంబ బలానికి అనులోమంగా ఉంటుందనీ, స్పర్శ వైశాల్యం మీద ఆధారపడదనీ మీరు చదువుకున్నారు. చెక్కకూ ఇనుముకూ ఈ మాట చాలావరకు నిజం. రబ్బరు మాత్రం దీనికి లొంగదు. రబ్బరు మెత్తన; నేల గరుకుతనంలోకి చొచ్చుకుపోయి పట్టుకుంటుంది. దానిమీద బరువు రెట్టింపు చేస్తే పట్టు పెరుగుతుంది గాని రెట్టింపు కాదు.

ఉదాహరణకు, ఒక టైరు మీద 4 న్యూటన్లుంటే పట్టు 4 న్యూటన్లు, 6 ఉంటే 5.5, 2 ఉంటే 2.2 అనుకుందాం. నిటారుగా పోతున్నప్పుడు ఒక ఇరుసు రెండు చక్రాల మీదా నాలుగేసి న్యూటన్లుంటే మొత్తం పట్టు 8. మలుపులో బండి ఒరిగి, బయటి చక్రం మీద 6, లోపలి చక్రం మీద 2 పడితే మొత్తం 7.7. బరువు మారలేదు, పట్టు మాత్రం తగ్గింది. సరిచేయటానికంతా మూలం ఈ చిన్న తేడాయే. ముందువైపు స్ప్రింగులు గట్టివైతే, ఒరిగే బరువును ముందు బయటి చక్రమే ఎక్కువగా మోస్తుంది. ముందు పట్టు తగ్గి, చక్రాలు తిప్పినా బండి తిన్నగా పోవాలని చూస్తుంది. వెనుకవి గట్టివైతే వెనుక పట్టు తగ్గి, తోక పక్కకు విసిరి బండి గిరగిర తిరుగుతుంది. తోక విసురుతోందని వెనుక స్ప్రింగులను మెత్తబరచటం సగం మందికి తోచదు. గట్టిపరిస్తే అదుపులో ఉంటుందనే తోస్తుంది.

టైర్లు ఎన్ని రకాలో చెప్పాలంటే పత్రిక అంతా కావాలి. స్థూలంగా, నేల వదులు దుమ్ముగా ఉంటే పొడవాటి రబ్బరు మొలకలున్న టైరు. అవి దుమ్ములోకి దిగి కిందనున్న గట్టినేలను అందుకుంటాయి. నేల గట్టిపడి నునుపు తేలితే పొట్టి మొలకలు, లేదా మొలకలే లేని నున్నని టైరు. అక్కడ పొడవాటి మొలకలు వంగిపోయి బండి తడబడుతుంది. కొన్ని ట్రాకుల బంకమట్టిలో పంచదార నీళ్ళు కలిపి పట్టు పెంచుతారు. చీమల సంగతి వాళ్ళే చూసుకోవాలి.

ఈ టైర్లలో గాలి కొట్టరు. లోపల స్పంజిలాంటి నురుగు ఉంగరం ఉంటుంది. గాలి తప్పుకోవటానికి చిన్న రంధ్రం ఉంటుంది. టైరును చక్రానికి జిగురుతో అంటించేస్తారు. కారణం మీరే లెక్క వేయండి: 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న టైరు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, అంచున ఉన్న రబ్బరు వృత్తంలో నిలవటానికి గురుత్వ త్వరణానికి సుమారు 250 రెట్ల అభికేంద్ర త్వరణం కావాలి. ఒక గ్రాము రబ్బరు పావుకిలో బరువై బయటికి లాగుతున్నట్టుంటుంది. జిగురు వదిలితే టైరు బూరెలా ఉబ్బి ఊడిపోతుంది.

గాలిలో ఉన్నప్పుడు కూడా ఈ చక్రాలు పనికొస్తాయి. బండి గాలిలో ముక్కు దించి పోతుంటే డ్రైవరు మోటారు వేగం పెంచుతాడు. చక్రాలు ముందుకు వేగంగా తిరుగుతాయి. కోణీయ ద్రవ్యవేగం మారకూడదు కనుక చట్రం వెనక్కి తిరిగి ముక్కు లేస్తుంది. ముక్కు లేస్తే బ్రేకు వేస్తాడు, ముక్కు దిగుతుంది. పిల్లి గాలిలో మెలిక తిరిగి కాళ్ళ మీద పడటానికి వెనుక ఉన్నదీ ఈ నియమమే.

పందెగాళ్ళ నోటుపుస్తకం

అనుభవం ఉన్నవాళ్ళు ఒక్కసారి ఒక్కటే మారుస్తారు. నూనె మార్చితే స్ప్రింగు ముట్టుకోరు. ఐదు చుట్లు నడిపి, కాలం రాసుకుని, పాత నూనె పోసి మళ్ళీ ఐదు చుట్లు నడుపుతారు. రెండోసారి చేతివాటం కుదిరి బాగా నడిపారా, నూనె వల్లనే నయమైందా అని తేల్చుకోవటానికి ఇది తప్పదు. పక్కన నేల తేమ, ఎండ, టైరు రకం రాసుకుంటారు. ట్రాకుకు పోకముందు బల్లమీద ఒక పరీక్ష చేస్తారు: ట్రక్కును 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చదునుగా వదులుతారు. అడుగు బల్లను తాకీ తాకనట్టు తాకి, ఒక్కసారి లేచి నిలబడితే సరి. రెండుసార్లు ఎగిరితే నూనె పలచన. కుక్కిన సంచిలా పడి ఉండిపోతే చిక్కన.

ఈ ట్రక్కులు ఖరీదైనవి. మీ బడిలో అవి లేకపోయినా ఇందులోని రెండు సంగతులు మీరు చేసి చూడవచ్చు.

ఒకటి. ప్రయోగశాలలోని స్ప్రింగుకు 100 గ్రాముల తూనికరాయి వేలాడదీసి, అది ఎన్ని సెంటీమీటర్లు సాగిందో కొలవండి. ఆ పొడవు గల లఘులోలకం ఆవర్తన కాలం లెక్క వేయండి. తర్వాత రాయిని కొద్దిగా లాగి వదిలి, 20 డోలనాల కాలాన్ని కొలిచి సరిపోల్చండి. ఇప్పుడు రాయి పూర్తిగా మునిగేలా కింద నీళ్ళ గ్లాసు పెట్టి, ఎన్ని ఊపులకు ఆగుతుందో లెక్కించండి. నీళ్ళకు బదులు ఆముదంతోనూ చేయండి.

రెండోది. నున్నని పలక మీద రబ్బరు ఎరేజరును పడుకోబెట్టి, పలకను ఒకవైపు నెమ్మదిగా ఎత్తండి. ఏ కోణం దగ్గర జారిందో రాసుకోండి. ఎరేజరు మీద రూపాయి బిళ్ళలు ఒకదానిపై ఒకటి జిగురుతో అంటించి మళ్ళీ చేయండి. పుస్తకం ప్రకారం బరువు ఎంతైనా కోణం మారకూడదు. అగ్గిపెట్టె మీద బిళ్ళలు పెట్టి చేస్తే దాదాపు మారదు. ఎరేజరు విషయంలో ఏమవుతుందో పదిసార్లు చేసి సగటు తీయండి. ఆ తర్వాత పలక మీద సుద్దపొడి పలచగా చల్లి చూడండి. దుమ్ము ట్రాకు మీద నున్నని టైరు పడే అవస్థ తెలుస్తుంది.